బల్లకి చక్రాలేమిటర్రా!

మా మనవడు పని బల్లకి చక్రాలు బిగిస్తున్నాడని పక్క ఫ్లాటాయన చెబితే నేను నమ్మలేదు. కిందికి దిగి చూద్దును గదా, నిజమే. అపార్ట్‌మెంటు కింద కారు పెట్టుకునే జాగాలో, నేల మీద పాత పేపర్లు పరుచుకుని, నాలుగు చక్రాలు వరసగా పేర్చుకుని కూచున్నాడు. ఆసుపత్రి మంచాలకి ఉంటాయే, ఆ జాతి. నల్ల రబ్బరువి, అరచేతిలో పట్టేంతవి. ఏంట్రా ఇవి అంటే, "మొబైల్ వర్క్‌బెంచ్ తాతయ్యా" అన్నాడు. ఫోను మొబైలయింది, సరే. టిఫిను బండి మొబైలయింది, అదీ సరే. వడ్రంగి బల్ల ఎక్కడికి పోవాలర్రా?

నాకు 78 ఏళ్ళు. అందులో యాభై ఏళ్ళకు పైగా ఉలీ బాడిసా పట్టినవాణ్ణి. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుంది, వినే ఓపిక మీకు ఉండాలి. లేదని నాకు తెలుసు. అయినా చెబుతాను.

ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీద మా ఊరు. గట్టున నిద్రగన్నేరు చెట్లు, వాటి కింద మా నాన్న పని పాక. తాటాకు కప్పు, మూడు వైపులా గోడల్లేవు. పాక నడిమధ్య ఒక నల్లతుమ్మ మొద్దు సగం భూమిలో పాతి ఉండేది. అదే మా బల్ల. మా తాత పాతాడట. నాగలి చెక్కినా, మేడి చెక్కినా, గుంటకకి పళ్ళు దిగ్గొట్టినా దాని మీదే. బాడిస దెబ్బలకి నడుమ గుంటపడి, పిల్లల్ని కూచోబెడితే ఉయ్యాల తొట్టిలా ఉండేది. ఎంత బలంగా కొట్టినా అది ఉలిక్కిపడేది కాదు. దెబ్బ దాని లోంచి భూమిలోకి పోయేది. కొట్టినవాడి చేతికి తిరిగొచ్చేది కాదు. ఇప్పటి పిల్లలకి మణికట్టు నొప్పులెందుకొస్తున్నాయో ఆలోచించండి.

అసలు పెద్ద పనికి మాకు బల్లే లేదు. నేల మీద గొంతుక్కూచుని, చెక్కని అరికాళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలితో అదిమిపట్టి, రెండు చేతులతో చిత్రిక పట్టేవాళ్ళం. మీరు వైసని కొనుక్కుంటున్నారే, మా కాళ్ళే అది. ఇప్పటికీ మంచి పని నేల మీదే జరుగుతోంది. కొండపల్లి వెళ్ళి చూడండి. తెల్ల పొణికి ముక్క ఒళ్ళో పెట్టుకుని, నేల మీద కూచునే ఏనుగు అంబారీలూ దశావతారాలూ చెక్కుతారు. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మక్కు చేసి చేతులూ కాళ్ళూ అతికిస్తారు. నూజివీడులో పనస మొద్దుని తొలిచి వీణ కుండ చేసేవాళ్ళకి ఏ చక్రాల బల్ల ఉంది? అన్నట్టు మా రోజుల్లో ఉయ్యూరూ కొండపల్లీ నూజివీడూ మూడూ కృష్ణా జిల్లాయే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మూడూ మూడు జిల్లాల్లోకి పోయాయి. జిల్లాలే ఒకచోట నిలవని కాలంలో బల్ల నిలవమంటే నిలుస్తుందా!

ఏం చెబుతున్నాను? ఆ, చక్రాలు. నన్ను నిజంగా బాధపెట్టింది బల్ల కాదు, చక్రం. ఎందుకంటే చక్రం మా ఇంటి విద్య.

బండి చక్రం ఎలా పుడుతుందో మీలో ఎవరికైనా తెలుసా? ముందు తుమ్మ దుంగ కొనాలి. కొన్న దుంగని చెరువులో పడేసి మరిచిపోవాలి. నెలల తరబడి నానితే అందులో ఉన్న పసరంతా పోతుంది, తర్వాత పురుగు పట్టదు. బయటికి తీసి నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే నెరియలు బారుతుంది. ఇంత అయ్యాక అప్పుడు కుండ. చక్రం మధ్యలో ఇరుసు దూరే దాన్ని కుండ అంటాం. దానికి చుట్టూ 12 బెజ్జాలు, వాటిలో 12 ఆకులు, ఆ ఆకుల కొసల మీద 6 పూటీలు. ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. ఒక బెజ్జం ఒక్క నూలు పక్కకి పోయినా చక్రం అష్టావక్రంగా తిరుగుతుంది. మీరు మిల్లీమీటర్లంటారు గానీ, మాకు అంగుళానికి 8 నూళ్ళు. మా నాన్న కంటితో నూలు కొలిచేవాడు. నాకు ఆయన ఆ బెజ్జాలు తొలిచే పని ఇవ్వడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ సానరాయి మీద ఉలి పదును పెట్టడమే నా చదువు. మా వాడు పది నిమిషాల వీడియో చూసి లేచి రంపం అందుకుంటున్నాడు.

ఆఖరిది ఇనుప పట్టా. అది కమ్మరి పని, కానీ ఊరంతా చూడ్డానికొచ్చేది. పట్టాని చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువే ఉంచుతారు. నేల మీద గుండ్రంగా పిడకలు పేర్చి, మధ్యలో పట్టా పెట్టి మంట పెడితే అది ఎర్రగా కాగి సాగుతుంది. పట్టకార్లతో ముగ్గురు నలుగురు ఎత్తి తెచ్చి చక్రం మీద దించాలి, చుట్టూ సుత్తులతో కొట్టాలి, పూటీలు అంటుకుని భగ్గుమనేలోపు బిందెలతో నీళ్ళు గుమ్మరించాలి. సుయ్యిమని పొగ లేస్తుంది. ఆ పొగలో వినాలి మీరు. పట్టా బిగుసుకుంటుంటే ఆకు కొసన చెక్కిన ప్రతి కుసీ తన బెజ్జంలోకి దూసుకుపోతూ కిర్రు కిర్రుమని అరుస్తుంది. ఒక మేకు లేదు, ఒక చుక్క జిగురు లేదు. ఆ చక్రం పదేళ్ళు ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరుకు మోసేది. నల్లరేగడి బురదలో ఇరుసు దాకా దిగబడ్డ బండిని ఎడ్లు లాగుతుంటే ఆకు విరిగేది కాదు. మా చక్రం మనిషి రొమ్ము దాకా ఉండేది. పెద్ద చక్రం గోతి మీదుగా పోతుంది, చిన్న చక్రం గోతిలోకి పోతుంది. ఈ అరచేతి చక్రాలు మా పార్కింగులో రెండు బండల మధ్య సందు దగ్గర ఆగిపోయాయి. మా వాడు తోస్తున్నాడు, అవి రావు. చూస్తూ నిలబడ్డాను.

ఈ విద్యకి మాకు ముట్టింది మేర. కోత కోసి, నూర్చి, కళ్ళంలో రాశి పోశాక ముందు కొలిచేది వడ్రంగికీ కమ్మరికీ మంగలికీ చాకలికీ. ఏరువాకకి ముందు ఊళ్ళో నాగళ్ళన్నీ మా పాకకొచ్చేవి. కాలవలకి నీళ్ళొదిలే వేళకి ఏ రైతు నాగలీ ఆగకూడదు, ఆగితే మా నాన్న పరువు పోయినట్టే. ఇదంతా అంత తియ్యగా లేదు, అదీ చెప్పాలి. మేర తక్కువ కొలిచినవాళ్ళున్నారు. మా నాన్నని కళ్ళం చివర నిలబెట్టి మాట్లాడినవాళ్ళున్నారు. ఆయన ఇంటికొచ్చి ఏమీ అనేవాడు కాదు, ఉలి పదును పెట్టుకునేవాడు. మా వాడికి ఇది చెబితే, "మరి దాన్ని బెటర్ డేస్ అంటావేంటి తాతయ్యా" అన్నాడు. పని బాగుండేదిరా, పని. ఆ తేడా వాడికి ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

తర్వాత టైరు బళ్ళొచ్చాయి. ఇరుసూ ఇనుమే, చక్రమూ రబ్బరే. వాటి వెనకాల ట్రాక్టర్లొచ్చాయి. నాకు బాగా గుర్తు, నేను చేసిన ఆఖరి జత చక్రాలు కొనుక్కున్న రైతు వాటిని బండికి కట్టలేదు. కొన్నేళ్ళ తర్వాత అవి ఎవరిదో హోటలు గోడకి అలంకారంగా కనపడ్డాయి, వార్నీషు పూసి. నేను లోపలికెళ్ళి కాఫీ తాగి, బయటికొచ్చి, కుండ మీద చెయ్యేసి చూశాను. బెజ్జాలు బిగువుగానే ఉన్నాయి.

పాక ఎత్తేసి బెజవాడ చేరాను. తలుపులూ కిటికీలూ మంచాలూ చేశాను. అప్పుడూ నాకు సొంత బల్ల లేదు. గోనెసంచిలో సామాను వేసుకుని ఎవరిల్లు కడుతుంటే వాళ్ళింటికే పోయేవాణ్ణి. అక్కడే నాలుగు ఇటుకలు పేర్చి, వాటి మీద సెంట్రింగు చెక్క వేసి, అదే బల్లనుకునేవాణ్ణి. పనయ్యాక ఇటుకలు గోడలోకి, చెక్క మేస్త్రీకి.

ఇక్కడ మా వాడు నన్ను పట్టుకున్నాడు. "అంటే నువ్వూ ఊరూరా తిరుగుతూ పని చేసినవాడివేగా? నీదే ఫస్ట్ మొబైల్ వర్క్‌బెంచ్." నాకు కోపమొచ్చింది. కోపం దిగాక ఆలోచించాను. వాడన్నది అబద్ధం కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమని ఊడ్చేశాక నేను సంచి భుజాన వేసుకుని నాగాయలంక వైపు వెళ్ళాను. వేల మంది పోయారు. మిగిలినవాళ్ళకి తల మీద కప్పు లేదు. ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పడిపోయిన తాటిచెట్లు ఎటు చూసినా ఉన్నాయి. వాటినే చీల్చి వాసాలు చేశాం. ఆ బురదలో మొద్దెక్కడ, పాకెక్కడ? పడిన చెట్టు మీదే ఇంకో చెట్టు పెట్టి కోశాం. నెలన్నర అక్కడే ఉన్నాను. నా జీవితంలో చేసిన పనుల్లో నేను తలుచుకునేది అదే, అందులో ఒక్క కుసి కూడా సరిగ్గా కుదరకపోయినా. కాబట్టి బల్ల కదలకూడదని నేను శాసనంలా చెప్పడం సబబు కాదని ఒప్పుకుంటున్నాను. మనిషి కదలచ్చు. కానీ ఉలి దిగే క్షణంలో చెక్క కదలకూడదు. నా గొడవంతా అదే. మొదట్నుంచీ అదే చెబుతున్నాను, వినేవాడు లేక ఇంత దూరం వచ్చాను.

మా వాడికి చక్రాలెందుకు కావాల్సొచ్చాయో కూడా చెప్పాలి, లేకపోతే వాడికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మేం ఇదివరకు సింగ్‌నగర్లో కింది వాటాలో ఉండేవాళ్ళం. వాడికక్కడ వెనక గదిలో గోడకి బిగించిన బల్ల ఒకటుండేది, ఎం.డి.ఎఫ్. పలకలతో చేసింది. పొట్టునీ జిగురునీ కలిపి నొక్కిన అట్ట అది, కలప కాదురా అని అప్పుడే చెప్పాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా ఇంట్లోకొచ్చింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. 1952లో పాత ఆనకట్టకి గండి పడ్డ సంగతి మా నాన్న చెబుతుంటే విన్నాను గానీ, మంచం మీద కూచుని ఇంట్లో నీళ్ళు చూడ్డం ఇదే మొదలు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఆ బల్ల టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి, పట్టుకుంటే ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది. నేను చేసిన టేకు వీధి తలుపు మాత్రం కడిగి ఆరబెడితే మళ్ళీ గడియ పడింది. మా వాడు ఆ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడు వాడేమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు.

ఇప్పుడు పటమటలో రెండో అంతస్తు. పని చేసుకోవడానికి జాగా లేదు. పొద్దున మా అబ్బాయి కారు తీసుకెళ్ళాక ఆ జాగా ఖాళీ, సాయంత్రం కారొచ్చేసరికి ఖాళీ చేయాలి. బల్ల మెట్ల కింద ఉండాలి, పనప్పుడు బయటికి రావాలి. చక్రాలు లేకుండా ఎలా అంటాడు. మనిషికి ఒకచోట కుదురుగా మొద్దు పాతుకునేంత నేల లేకుండా చేసిన కాలాన్ని అనాలి గానీ, వాణ్ణేమనగలను?

సరే, బల్ల సంగతి. అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పలకలు జిగురు రాసి ఒకదాని మీద ఒకటి అంటించాడు. ఈసారి నీళ్ళకి తట్టుకునే 710 రకం కొన్నాడు, అంతవరకు బుద్ధొచ్చింది. కాళ్ళకి పైను చెక్క తెస్తానంటే నేను వద్దని, పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే కొట్టుకి తీసుకెళ్ళాను. ఎవరి పెంకుటింటివో మద్ది వాసాలు దొరికాయి, రాయిలా ఉన్నాయి. మేకులు పీకడానికే ఒక పూట పట్టింది. కాళ్ళని స్క్రూలతో బిగిస్తానన్నాడు. స్క్రూ చెక్కని పట్టుకోవడమే చేస్తుంది, కుసి చెక్కలో చెక్కయిపోతుంది. చిత్రిక పట్టే తోపుకి బల్ల పక్కకి ఊగకుండా ఆపేవి కాళ్ళ మధ్య అడ్డ పట్టీలు. కనీసం వాటికన్నా కుసి వెయ్యమన్నాను. వేశాడు. బెజ్జంలో ఉన్న సీల రంధ్రానికీ కుసిలో ఉన్న రంధ్రానికీ అర నూలు ఎడం ఉంచి సీల కొడితే, అది కుసిని లోపలికి ఈడ్చుకుని చచ్చేదాకా వదలదు. వాడు సీల కొడుతుంటే ఆ కిర్రుమన్న చప్పుడు వచ్చింది. చక్రం పట్టా బిగిసేటప్పుడు వచ్చేదే. పాతికేళ్ళయి ఉంటుంది నేనది విని.

తర్వాత చక్రాలు బిగించాడు. ప్రతి చక్రానికీ బ్రేకుంది తాతయ్యా, కదలదు, అన్నాడు. చిత్రిక ఇలా ఇవ్వు అన్నాను. ఒక పట్టు పట్టాను. బల్ల వణికింది. రెండో పట్టుకి బల్ల పక్కకి జరిగింది. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, కానీ ఆ చక్రం పైన గుండ్రంగా తిరిగే మెడ ఒకటుంటుంది, అది ఆడుతూనే ఉంటుంది. పైగా కింద రబ్బరు. మంచి ఉలి పనికి రబ్బరు మీద నిలబడ్డ బల్ల, నీళ్ళ మీద నిలబడ్డ పడవ, రెండూ ఒకటే. మా వాడి మొహం చిన్నబోయింది. ఇంకా ఖరీదైన చక్రాలు ఆర్డరు పెడతానన్నాడు. వాళ్ళకి అన్నిటికీ ఆర్డరే మందు.

అప్పుడు నాకు బండి గుర్తొచ్చింది. నిలబడి ఉన్న బండి బరువు చక్రాల మీద ఉంచడం తెలివితక్కువతనం. ఎడ్లని విప్పగానే నొగ కింద ఊతకర్ర పెడతాం. కందెన వెయ్యాలంటే ఇరుసు కింద పోటు పెట్టి చక్రాన్ని గాలిలోకి లేపుతాం. నడిచేటప్పుడు చక్రం మొయ్యాలి, నిలబడ్డప్పుడు నేల మొయ్యాలి. ఇంతే. "ఒరే, నీ బల్ల కాళ్ళు నేల మీద ఆనాలి. చక్రాలు కావాల్సినప్పుడు దిగాలి, అక్కర్లేనప్పుడు లేవాలి," అన్నాను. వాడు నావంక అదోలా చూశాడు. ఫోను తీసి ఏదో వెతికి, అలాంటివి ఉన్నాయి తాతయ్యా అన్నాడు. ఉంటాయి. బళ్ళు లేని దేశముందా?

రెండు ఆదివారాలు పట్టింది. ప్రతి పక్క కాళ్ళ మధ్యా ఒక పలకని మడతబందులతో వేలాడదీశాం, ఆ పలకకి రెండేసి చక్రాలు. పలకని కాలితో కిందికి తొక్కితే చక్రాలు నేలకానుకుని బల్ల అర అంగుళం లేస్తుంది, ఒక చెక్క ముక్క వెనకాల పడి అడ్డుకుంటుంది. ఆ ముక్కని తన్నితే చక్రాలు పైకి మడుచుకుపోయి మద్ది కాళ్ళు దబ్బున నేల మీద కూచుంటాయి. కింది అర మీద నేను రెండు ఇసక బస్తాలు పెట్టించాను. బల్లకి బరువే ప్రాణం. తోసేటప్పుడు కష్టమని వాడు గొణిగాడు, తొయ్యమన్నాను.

ఇప్పుడా బల్ల కదలడం లేదు. ఎత్తు మాత్రం నాకు కుదర్లేదు. చెయ్యి కిందికి వదిలితే మణికట్టు దగ్గరకి రావాలి పని బల్ల. వాడు ఆరడుగులుంటాడు, వాడి మణికట్టుకి చేశాడు. అయినా మోకాళ్ళు అరిగి నేల మీద కూచోలేక ఆరేళ్ళుగా చిత్రిక ముట్టుకోనివాణ్ణి, పొద్దున కారెళ్ళిపోగానే కిందికి దిగి ఒక గంట నిలబడుతున్నాను. పొట్టు చుట్టలు చుట్టుకుని కాళ్ళ మీద పడుతుంటే వాచ్‌మన్ పిల్లలు ఏరుకుపోతున్నారు.

మొన్న రాత్రి మా వాడు, "తాతయ్యా, ఒక్క బండి చక్రం చేద్దామా, చిన్నదైనా సరే, 12 ఆకులూ పెట్టి" అన్నాడు. ముందు తుమ్మ దుంగ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నాను. దొరికాక దాన్ని నానెయ్యడానికి చెరువు కావాలి, ఆరబెట్టడానికి నీడ కావాలి, ఎంత లేదన్నా ఏడాది. వాడు రెండు రోజుల్లో కొరియర్‌లో వస్తుందనుకుంటున్నాడు.